పొద్దటి లొట్టి

హైదరాబాదు నుండి షోలాపూరు పోవు రాజమార్గమున సంగారెడ్డి దాటి, సదాశివపేట దాటి, నేల క్రమక్రమముగా మెట్టెక్కుచుండగా, నల్లరేగడి నడుమ నడుమ ఎఱ్ఱని జేగురు రాతిపొరలు బయటపడుచుండగా, ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరమున జహీరాబాదు వచ్చును. సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన ఈ ప్రదేశము బీదరు పీఠభూమిలోని భాగము. 1956లో భాషాప్రాతిపదికమీద రాష్ట్రములు ఏర్పడునంతవఱకు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిదే, ఆ పిమ్మట మెదకు జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. పాలకులు జిల్లా పేరు ఎన్నిమారులు మార్చినను ఇక్కడి చలి తన స్వభావమును మార్చుకొనలేదు. మార్గశిర పుష్యమాసములలో తెలంగాణమున అత్యల్ప ఉష్ణోగ్రతలు నమోదైన తావుల పట్టికలో పొరుగుననే యున్న కోహీరు పేరు ఆదిలాబాదు అడవిపల్లెల పేర్ల సరసన తఱచుగా కనబడును. ఆకసము నిర్మలమై, గాలి పొడియై, పగలు పీల్చిన వేడినంతయు నేల రాత్రి విడిచివేయుటచేత తెల్లవారుజామునకు 10 డిగ్రీలకును దిగువకు జాఱు ఆ చలి, జొన్నకంకికి పాలు పోయును, సెనగ ఆకుమీది మంచునకు పులుపు నిచ్చును, ఈతచెట్టు మొవ్వులో ఊరు రసమునకు తీపిని నిలుపును. ఆ చలి స్వయముగా వండిన పానీయమును గుఱించియే ఈ కథనము.

2015లో తెలంగాణ ప్రభుత్వము మైక్రోబ్రూవరీలకు నియమావళి వెలువరించిన పిదప, హైదరాబాదు పడమటి పేటలలో రాగి తొట్లును, గాజు గోడలును గల బీరుశాలలు కొన్ని వెలసినవి. శీతకాలము రాగానే అక్కడి పలకలమీద ఆ ఋతువునకే ప్రత్యేకమని చెప్పెడి పేల్ ఏల్ అను బీరు ఒకటి చేరును. దానిని నేను శ్రద్ధతో రుచిచూచితిని. దానియందు నాకు గౌరవమే కలదు. దీపమునకు ఎదురుగా ఎత్తిపట్టినచో తేనెకును రాగికిని నడుమనుండు వర్ణము, ముక్కునకు మొదట తగులు నారింజతొక్క పరిమళము, నాలుక అంచులను కొలదిగా పట్టు మొలకధాన్యపు తీపి, మ్రింగిన పిమ్మట గొంతులో నిలిచి మెల్లగా సడలు హాప్స్ చేదు, ఇవన్నియు ఒకదాని వెంట నొకటి వరుస తప్పక వచ్చునట్లు కూర్చినవాడు నిస్సందేహముగా కళావేత్త. అంతకంటె నన్ను ఆకర్షించినది ఆ పాత్రల చుట్టును కూర్చున్న యువకుల మాటతీరు. ఏ ధాన్యము, ఏ నీరు, ఎన్ని దినములు పులిసినది, నిరుటికిని ఈ యేటికిని భేదమేమి అని వారు పరీక్షించి పలుకుచుండగా, ఇట్టి వివేచనకు సంపూర్ణముగా పాత్రమైన పానీయము ఇదే రాజమార్గమున రెండు గంటల దూరమున చెట్టునకు వ్రేలాడుచున్నదే, దానిని గుఱించి ఈ భాషలో మాటలాడువారు లేరే యను చింత నా మనస్సును పట్టుకొన్నది.

అసలు పానీయమునకు ఋతువుండుట ఒకప్పుడు విశేషము కాదు, నియతి. యంత్రశీతలీకరణము పుట్టక పూర్వము ఎండకాలమున కాచిన బీరు చెడిపోయెడిది కనుక, 1553లో బవేరియా ప్రభువు సెప్టెంబరు 29 మొదలు ఏప్రిల్ 23 వఱకు మాత్రమే బీరు కాయవలెనని శాసించెను. ఇంగ్లండునను ఉత్తమమైన బీరు అక్టోబరులో, చల్లబడిన నీటితో, క్రొత్త ధాన్యముతో కాచెడివారు. కట్టెపొగ తగులని కోకు నిప్పుమీద ఆరబెట్టిన లేతవన్నె ధాన్యముతో అట్లు కాచిన ఏల్, పీపాలకెక్కి, ఈస్టిండియా కంపెనీ ఓడలలో నెలల తరబడి సముద్రముమీద ఊగి, కలకత్తాకును మదరాసునకును చేరెను. లండనునందలి బో పేటలో హాడ్జ్‌సన్ అనువాని కర్మాగారము ఈ వ్యాపారమున మొదట ప్రసిద్ధికెక్కగా, 1822 ప్రాంతమున బర్టన్ పట్టణమునందు ఆల్సోప్ అనునాతడు ఆ పానీయమును రుచిచూచి, అక్కడి జిప్సము నీటితో అంతకంటె తేటయైన దానిని తీసెను. 1870 దశకమున జర్మనీలో లిండె అనునాతడు నిర్మించిన శీతలయంత్రము మ్యూనిక్ బీరుశాలలలో ప్రవేశించిన నాటినుండి బీరునకు ఋతువుతో పని లేకపోయెను. నేడు సంగారెడ్డి పరిసరములలోని పెద్ద కర్మాగారములలో మే నెల సీసాకును డిసెంబరు సీసాకును భేదము కనుగొనుట అసాధ్యము. ఆ భేదము లేకుండ చేయుటయే వారి నైపుణ్యము. దానికి ప్రతిక్రియగానే చిన్న బ్రూవరీల ఉద్యమము పుట్టినది. కాలిఫోర్నియాలోని చికో పట్టణమున సియెర్రా నెవాడా సంస్థ, ఆ యేటి హాప్స్ కోతకు రాగానే, ఆ తాజాదనముతోనే శీతకాలపు ఏల్ ఒకటి 1981 నుండి కాయుచున్నది. పోగొట్టుకొన్న ఋతువును తిరిగి తెచ్చుకొనుటకై పాశ్చాత్యులు పడుచున్న ప్రయాస ఇది.

మన ఈతచెట్టు ఋతువును ఎన్నడును పోగొట్టుకొనలేదు.

ఆ చెట్టునకు నేటి శాస్త్రనామమును స్థిరపఱచినవాడు వృక్షశాస్త్రజ్ఞుడగు రాక్స్‌బర్గ్. కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై పోవుటకు పూర్వము ఆయన చాలకాలము మన సామర్లకోటలో నుండి కోస్తా వృక్షజాలమును పరిశీలించినవాడే. వంగదేశమున ఈ చెట్టు ఒక్క శీతకాలమున సగటున 180 పైంట్ల రసమిచ్చునని ఆయన లెక్కగట్టెను, అనగా మన కొలతలో ఇంచుమించు 100 లీటర్లు. వంగీయులు ఆ రసమును కాచి, పుష్యమాసపు పిండివంటలకు ప్రాణమైన క్రొత్తబెల్లము చేసికొందురు. మనవారు కాయక, పులియనిచ్చి త్రాగుదురు. చెట్టొక్కటే, చలియొక్కటే, నాగరికతలు రెండు.

తాటిచెట్టునకు గెలను గీయుదురు. ఈతకు కాండమునే, మొవ్వునకు దిగువను గీయుదురు. ఒక ప్రక్క మట్టలను దింపి, బెరడును చెక్కి, లేతభాగము బయటపడగానే కొన్నాళ్లు ఆరనిచ్చి, పిమ్మట కోణముగా గాటు పెట్టి, గాటు కొనలో చిన్న పుల్లను నాటి, దాని క్రింద లొట్టి కట్టుదురు. ఒక యేడు ఈ ప్రక్కను గీచినచో మఱుసటి యేడు ఎదుటి ప్రక్కను గీయుదురు కాబట్టి, పెరుగుచున్న కాండము ఇటొక వంపును అటొక వంపును తిరుగును. ముదురు ఈతచెట్టు మెడమీది ఆ గాట్లను లెక్కించినవాడు అది ఎన్ని శీతకాలములు మనుష్యుల దాహము తీర్చినదో చెప్పగలడు. జహీరాబాదునకు ఆవల, నారింజవాగు పాయల వెంబడి, జొన్నచేల గట్లమీద నిలిచిన చెట్లలో ఒకదాని మెడను నేను చాలసేపు చూచితిని. ఎండిన పాత గాటుల అంచులు బూడిదవన్నెకు తిరిగి, వానిపై చీమలు బారుదీరి, అన్నిటికంటె పైనున్న క్రొత్త గాటు మాత్రము పచ్చి దంతపువన్నెతో తడిసి మెఱయుచుండెను. పుల్ల కొననుండి చుక్క వెంట చుక్క, నిదానముగా, జాఱుచుండెను. రాత్రియంతయు చుక్కలుగా పడిన ఆ రసమే తెల్లవారునప్పటికి లొట్టిలో మెడదాక నిండును.

ఆ చెట్టును గీచు గౌడన్న మోకు నడుమునకు బిగించి, సూర్యుడు ఇంకను తుమ్మలచాటుననే యుండగా చెట్టెక్కెను. కత్తితో గాటును పలుచగా, కాగితమంత పొర లేచునట్లు, ఒక్కసారి సవరించెను. ఆ పొర మందమైనచో చెట్టు ఊరక క్షీణించును, మఱీ పలుచనైనచో రసము మూసికొనిపోవును. ఆ ఒక్క కదలికలో నున్న లెక్కను ఏ పుస్తకమును నేర్పదు. దిగివచ్చి, లొట్టి మూతిమీది నురుగును అఱచేతితో త్రోసి, అందులో పడిన తేనెటీగలను ఏరివేసి, పలుచని గుడ్డలో వడగట్టి, గాజు గ్లాసు పట్టుకొని నిలుచున్న నన్ను చూచి అనెను: “ఇప్పుడే తాగితె ఇది పానకమే సారూ. జర పొద్దెక్కనీయుండ్రి, అప్పుడు కల్లయితది.”

ఆయన చెప్పినట్లే ఒకే లొట్టి పానీయమును వేర్వేరు వేళల రుచిచూచితిని; చెట్టుకల్లును ఎఱుగుటకు ఇదియే సరియైన మార్గమని నా నిశ్చయము. దించిన క్షణమున అది పల్చని పాలవన్నె గలిగి, గ్లాసు అడుగు దాదాపు కనబడునంత తేటగా నుండెను. వాసన తక్కువ, పచ్చి కొబ్బరినీటిని తలపించు లేతదనము, దాని వెనుక తడి మట్టిలొట్టి వాసన. నాలుకకు తీపి, కాని చెఱకుతీపివలె మీదపడు తీపి కాదు, మ్రింగగానే తొలగిపోయి చల్లదనమును మాత్రమే మిగుల్చు తీపి. పళ్లు జిల్లుమను ఆ చలియును రుచిలో భాగమే. ఏ యంత్రములోను చల్లార్చబడక, రాత్రిగాలి తానుగా ఇచ్చిన చలి అది.

ఎండ చేలమీదికి ప్రాకినప్పుడు రెండవమారు గ్లాసు నింపితిమి. నురుగు ఇప్పుడు సన్నని బుడగలతో అంచులను పట్టుకొని నిలుచుచుండెను, వన్నె చిక్కబడెను. తీపి సగమై, దాని స్థానమున నిమ్మను స్ఫురింపజేయు పులుపు చివురుదొడిగెను. నాలుకమీద చిమచిమలు మొదలయ్యెను. పులియు ధాన్యపు పరిమళమును, పండిన అరటి పరిమళమును ఒకదానిలో నొకటి కలిసిపోయినట్లుండెను. సమర్థుడైన బ్రూవరు తన ఏల్‌లో సాధింపగోరు సమతౌల్యమిదియే గదా. అక్కడ చేదు తీపిని నిలువరించును, ఇక్కడ పులుపు. నాకు సర్వోత్తమముగా తోచినది ఈ వేళప్పటి కల్లే. మధ్యాహ్నమునకు మత్తు ఒళ్లెఱుగునంతగా పెరిగి, తీపి వెనుకకు పోయి, ఒక విధమైన పిండిచిక్కదనము వచ్చెను. శ్రమించినవారు కోరునది అదియేనట. ప్రొద్దు వాలునప్పటికి ఘాటు ముక్కును తాకి, పులుపు గొంతును గీకజొచ్చెను. ఒక దినములో యౌవనమును వార్ధక్యమును చూపిన ఆ పానీయమునకు మఱునాటి ఉదయమునకు మిగులునది కాడి, అనగా వెనిగరు, ఒక్కటే.

ఇంతటి నాటకమునకు సూత్రధారులు కంటికి కనబడని జీవులు. చెట్టునుండి జాఱిన వేళ ఈతరసమున నూటికి పదిపాళ్ల పైచిలుకు చక్కెరయుండును, పులుపు ఇంచుమించు లేనేలేదు. లొట్టి గోడలను, గాలిని, తేనెటీగల కాళ్లను ఆశ్రయించియున్న ఈస్టును, లాక్టిక్ జాతి సూక్ష్మజీవులును అందులో దిగి, చక్కెరను తిని, ఒకటి మద్యసారమును బొగ్గుపులుసు వాయువును, ఒకటి పులుపును పుట్టించును. చివరకు ఇంకొక జాతి వచ్చి మద్యసారమును కాడిగా మార్చివేయును. పాలు చేమిరికి తోడుకొనినట్లు, నిన్నటి లొట్టి తడియే నేటి రసమునకు తోడు. బీరు కాయువాడు తాను పెంచిన ఒకే ఈస్టును, తాను నిర్ణయించిన వేడిమిలో, మూసిన తొట్టిలో పనిచేయించును. ఏల్‌కు సాధారణముగా 15 నుండి 24 డిగ్రీల వేడిమి కావలెను. ఇక్కడ తొట్టి తెఱచియున్నది, వేడిమిని నిర్ణయించువాడు సూర్యుడు. ఎండకాలమున ఈ జీవులన్నియు ఒక్కుమ్మడిగా విజృంభించి, చెట్టుమీద నుండగనే రసమును పులిపివేయును. శీతకాలపు రాత్రి మాత్రము వానినన్నిటిని నిద్రపుచ్చి, రసమును తేటగా కాపాడి, ఉదయపుటెండకు మెల్లమెల్లగా మేలుకొలుపును. ఈ మెల్లదనములోనే రుచి యంతయు నున్నది. లొట్టి లోపల సున్నము పూసినచో ఆ జీవుల పని నిలిచి, రసము తీపిగానే మిగులును, అదియే నీరా. 2023లో హైదరాబాదున హుస్సేన్‌సాగరు ఒడ్డున తెఱచిన నీరా కేఫులో చల్లబఱచి అమ్మనారంభించినది ఇట్టి పులియని రసమే.

“శివరాత్రి దాటినంక ఇదే చెట్టుకల్లు ఇట్లుండది సారూ,” అని గౌడన్న చెప్పెను. చలి శివశివా యని పోవునంతవఱకే దీని వైభవము.

దీనికి తోడు తినవలసినవియు ఆ కాలపు పంటలే. కాయలు కట్టిన పచ్చిసెనగ చెట్లను పెఱికి మంటలో కాల్చి, బూడిద ఊది ఒలిచిన గింజలు. పాలకంకి దశలోని జొన్నను నిప్పులమీద వేచి, నలిపి, ఊది తీసిన ఊసబియ్యము. ఉడికించిన ఉలవ గుగ్గిళ్లు, వానిపై పచ్చికారము. జహీరాబాదు సమీపమున పస్తాపూరు కేంద్రముగా, 1983 నుండి పనిచేయుచున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, ఈ పాత ధాన్యములను కాపాడి, సంక్రాంతి మొదలు పల్లెపల్లెకు ఎడ్లబండ్లమీద విత్తనములను ఊరేగించు పాత పంటల జాతరను నిలబెట్టినారు. జొన్నకును కొఱ్ఱకును మరల గౌరవము వచ్చినదన్నచో అందులో ఆ తల్లుల పాలు పెద్దది. వారు ధాన్యమునకు చేసినది ఈతవనమునకు చేయువారు ఇంకను రావలసియున్నది.

ఏలయనగా ఈ చెట్టును మన చరిత్ర అనేక విధముల బాధించినది. నిజాము రాజ్యమున సేంది, అనగా కల్లు, ఆబ్కారీ ఖజానాకు ప్రధానమైన ఆదాయమార్గములలో ఒకటి. చెట్టు గౌడుది కాదు, రైతుది కాదు, సర్కారుది. గీయు హక్కును గుత్తేదారులు వేలమున పాడి, చెట్టెక్కువానిని కూలివానిగా దింపిరి. అందుచేతనే 1947-48లో సంస్థానమును భారతదేశమున విలీనము చేయవలెనని సత్యాగ్రహము సాగినప్పుడు, నిజాము ఆదాయమును దెబ్బతీయుటకై కార్యకర్తలు సేందిచెట్లను నఱికివైచిరి. స్వాతంత్ర్యముకొఱకు తలలొగ్గిన ఆ వృక్షములకు ఎక్కడను శిలాఫలకము లేదు. ఆ పోరాటము న్యాయమైనదని మనస్ఫూర్తిగా నమ్ముచునే, గొడ్డలి పడిన ఆ ఈతవనములను తలచికొని నేను దుఃఖించుచున్నాను.

నేటి గొడ్డలి వేఱు. చెట్టు శీతకాలముననే మిక్కిలిగా ఇచ్చును. కల్లుడిపో మాత్రము పండ్రెండు నెలలును తెఱచియుండవలెను. చెట్లు తక్కువ, గిరాకి యెక్కువ. ఈ రెంటి నడుమనున్న ఖాళీలో ప్రవేశించినదే కల్తీ. నీటిలో చక్కెరయు శాకరినును కలిపి, మత్తుకై క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రజోలమ్ వంటి ఔషధములను పోసి, తెల్లని రంగు తెప్పించి, కల్లు అని అమ్ముచున్నారు. వీనికి అలవడినవాడు ఒక్కనాడు మానినచో చేతులు వణకును, నిద్ర పట్టదు, మూర్ఛలు వచ్చును, మతి చలించును. దాడులు జరిగి డిపోలు మూతపడినప్పుడెల్ల ఆసుపత్రులకు ఇట్టి రోగులు గుంపులుగా వచ్చుచున్నారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు త్రాగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ మరణములను కల్లు మరణములని పత్రికలు వ్రాసినప్పుడు, ఎముకలు కొఱుకు చలిలో మోకు బిగించి చెట్టెక్కినవాని శ్రమమీద ఎంత అన్యాయమైన మచ్చ పడుచున్నదో ఎవరైన ఆలోచించిరా? అతడు దించినదానిలో ఏ మందును లేదు. అందులోని మద్యసారమైనను సాయంకాలమునకు సాధారణముగా ఒక పేల్ ఏల్‌లోని దానికి మించదు.

చెట్టుకల్లును గుర్తించుట కష్టము కాదు. అది నిలువ యుండదు. ఉదయమును మధ్యాహ్నమును ఒకే రుచితో నుండదు. మఱునాడును, ఆ మఱునాడును మార్పు లేక తీయగా నున్నది చెట్టునుండి రాలేదని నిస్సంకోచముగా చెప్పవచ్చును.

ప్రభుత్వములు చేసినవి కొన్ని లేకపోలేదు. 2015లో ఆరంభమైన హరితహారమున చెఱువుగట్లమీద ఈతమొక్కలు నాటిరి. ఈత గీతకు రావలెనన్న ఏండ్లు పట్టును గనుక, నాటినవానిలో బ్రతికినవి ఇప్పుడిప్పుడే మెడలెత్తుచున్నవి. 2024లో గీతకార్మికులు చెట్టుమీదనుండి పడి చనిపోకుండ కాపాడుటకై, గౌడుల కులదైవము పేరున కాటమయ్య రక్షాకవచమని నడుమునకును కాళ్లకును బిగించుకొను పరికరములను పంచనారంభించిరి. మంచిపనియే. కాని చెట్టెక్కువాని ప్రాణమును కాపాడినంతట అతని వృత్తిని కాపాడినట్లు కాదు. అతడు దించినదానికిని డిపోలో కలిపినదానికిని ఒకే వెల, ఒకే పేరు, ఒకే గౌరవమైనప్పుడు అతని కుమారుడు చెట్టెక్కడు, జహీరాబాదులోని మహీంద్రా ట్రాక్టరు కర్మాగారము గేటువద్ద ఉద్యోగమునకై నిలుచును. అతనిని తప్పుపట్టు అధికారము నాకు లేదు.

గాజు గోడల బీరుశాలలో పలకమీద ధాన్యము పేరు, కాచిన దినము, మద్యసారపు పాలు వ్రాయుదురు. లొట్టిమీదను వ్రాయవలెను: ఏ ఊరి వనము, ఎవరు గీచినది, ఏ గంటకు దించినది. గీతకార్మికుల సహకార సంఘములున్నవి. ఆబ్కారీ శాఖవద్ద చెట్ల లెక్కలున్నవి. సుద్దముక్కకు ఖర్చు లేదు. ఉదయమున దించినది మధ్యాహ్నమునకు ముందే అమ్ముడు కావలెనను నియమము, శివరాత్రి తరువాత ఈతకల్లు పేరుతో ఏదియు అమ్మరాదను నియమము, జహీరాబాదు, కోహీరు, ఝరాసంగము, న్యాలకల్లు మండలములలో ఒక్క శీతకాలము పరీక్షార్థము అమలు చేసి చూడవచ్చును. చెట్టుక్రింద కొన్న ఆ లొట్టికి డిపో సీసాకంటె రెట్టింపు వెల ఇచ్చుటకు సంకోచింపని రసికులు హైదరాబాదున చాలమంది కలరు. పేల్ ఏల్ గ్లాసునకు అంతకంటె నెన్నో రెట్లు వారు ఇప్పుడే చెల్లించుచున్నారు. వారు పుష్యమాసమున ఒక ఆదివారము చీకటితోనే బయలుదేరవలెను. తొమ్మిది దాటిన పిమ్మట గౌడన్నవద్ద పొద్దటిది మిగులదు.